రెండోసారి చెప్పిన మాట

ఆవిరి.

తలుపు తీయగానే మొహాన కొట్టేది అదే. తడిబట్టల ఆవిరి, సబ్బు వాసన, వేడెక్కిన ఇనుము వాసన. వాటి అడుగున, ఎంత ఉతికినా వదలని మందుల వాసన.

ఆస్పత్రి భవనంలో అన్నిటికంటే కింద ఉన్న గది అది. కిటికీలు లేవు. గోడల మీద నీటిబొట్లు పుడతాయి, కాసేపు ఆగుతాయి, జారిపోతాయి.

పదహారేళ్ళుగా ఆమె ఆ గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది.

చేత్తో కాదు. మనిషి పొడవుకి రెండింతలుండే ఇస్త్రీ రోలరు ఉంది. ఇటు ఇద్దరు తడి దుప్పటి అంచులు పట్టుకుని లోపలికి అందిస్తారు. అటు ఇద్దరు పొడి దుప్పటి అందుకుని మడత పెడతారు. రోలరు తిరుగుతున్నంతసేపూ చెవులు చిల్లులు పడే మోత.

ఆ మోతంటే అందరికీ చిరాకు.

ఆమెకి మాత్రం ఇష్టం.

ఆ మోతలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

*

ఇంట్లో ఆమెని చిన్నది అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయి. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి. అయినా చిన్నదే.

పెద్దది అక్క.

అక్కకీ ఆమెకీ మధ్య తొమ్మిదేళ్ళు. ఆ మధ్యలో ఒక అన్నయ్య. అమ్మ పోయేసరికి చిన్నదానికి నాలుగేళ్ళు, అక్కకి పదమూడు. నాన్న ఉన్నాడు గానీ, లారీ మీద ఊళ్ళు తిరిగే నాన్న... ఉన్నా లేనట్టే ఉండి, కొన్నాళ్ళకి నిజంగానే లేకుండా పోయాడు.

అక్క జడ వేసింది. అక్క అన్నం కలిపి పెట్టింది. అక్క చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది.

"పేరేంటమ్మా?" అని పంతులమ్మ చిన్నదాన్ని అడిగింది.

అక్క చెప్పింది.

అదే మొదలు.

ఒకరోజు తరగతిలో ఆమెకి బయటికి వెళ్ళాల్సి వచ్చింది. లేచి అడగాలి. చెయ్యి సగం లేచింది... దిగిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. మాట గొంతుదాకా వచ్చి అక్కడే చతికిలబడింది. కాసేపటికి బెంచీ కింద నేల తడిసింది. పిల్లలు నవ్వారు.

పై తరగతి నుంచి అక్క పరిగెత్తుకొచ్చింది. తన తువ్వాలుతో నేల తుడిచింది. చెల్లెల్ని వీపు వెనక్కి లాక్కుని, పంతులమ్మకి ఎదురుగా నిలబడి అంది.

"అది అడగదండీ. మీరే కనిపెట్టుకోవాలి."

అక్క వీపు వెనక ఎంత చల్లగా ఉందో ఆ రోజు. ఎండలో నడిచి నడిచి నీడ దొరికినట్టు.

ఆ నీడలోనే ముప్ఫై ఏళ్ళు గడిచాయి.

అక్క సిటీ బస్సులో కండక్టరయింది. ఆ నోటికి తగ్గ ఉద్యోగం అన్నారు అందరూ. ముందు తలుపు దగ్గర నిలబడి "జరగండి, జరగండి" అందంటే, వెనక సీట్లో నిద్రపోతున్నవాడు నిద్రలోనే జరిగేవాడు.

ఇంట్లోనూ అదే గొంతు. అద్దె ఇంటావిడతో, డాక్టర్లతో, చుట్టాలతో, తలుపు తట్టిన ప్రతివాళ్ళతో అక్కే. చెప్పుల కొట్లో చిన్నదాని కాలికి చెప్పు బిగుతైతే, బిగుతైందని అక్కే చెప్పేది. మొహం చూసి కనిపెట్టేది.

ఎప్పుడూ సరిగ్గానే కనిపెట్టేది.

దాదాపు ఎప్పుడూ.

లాండ్రీలో ఉద్యోగానికి వెళ్ళిన రోజు, అడిగిన ప్రతిదానికీ అక్కే జవాబు చెప్తుంటే, ఆఫీసాయన కళ్ళజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇంతకీ ఉద్యోగం ఎవరికమ్మా? మీకా, ఆవిడకా?"

"పని చెయ్యడం దానికండీ. మాట్లాడ్డం నాకు," అంది అక్క.

ఆయన నవ్వాడు. ఉద్యోగం వచ్చింది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "రోజూ బస్సు నిండా మొగుళ్ళని చూస్తూనే ఉన్నాను, ఇంట్లో ఇంకొకడెందుకు?" అని నవ్వించేది. చుట్టాలు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. చిన్నదాని వైపు చూసేవాళ్ళు.

ఆ చూపుకి అర్థం ఆమెకి తెలుసు.

అక్క ఒక్కనాడూ ఆ మాట అనలేదు.

అనుంటే బాగుండేదేమో.

*

లాండ్రీలో చేరిన రెండేళ్ళకి, పై అంతస్తు కుట్టుగదిలో ఒక చోటు ఖాళీ అయింది.

ఆ గది ఆమె ఒకేసారి చూసింది, చిరిగిన దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు. ఆరు కిటికీలు. వెలుతురు నేలంతా పరుచుకుని ఉంది. కిటికీ పక్కన ఒకావిడ చిరుగుకి మాసిక వేస్తోంది. దారం పంటితో తెంపి, తల తిప్పి బయట చెట్లవైపు చూసి, మళ్ళీ సూది అందుకుంది.

అంతే. అంతకంటే ఏమీ జరగలేదు.

కానీ ఆ రోజంతా ఆమె చేతుల్లో రోలరు వేడి వేరేగా అనిపించింది.

నర్సుల పైన ఉండే మేట్రన్ మంచి మనిషి. "కుట్టుగదికి వస్తావా?" అని అడిగింది. ఆమె తల వంచుకుంది. నీళ్ళు నమిలింది. "పోనీలే, మీ అక్కతో మాట్లాడతాను," అని ఆదివారం ఇంటికే వచ్చింది మేట్రన్.

ఆమె వంటగదిలో టీ కాస్తోంది. ముందుగదిలో మాటలు వినపడుతున్నాయి.

"వద్దండీ," అంటోంది అక్క. "దానికి కొత్త మనుషులంటే భయం. అలవాటైన చోట ఉండనివ్వండి."

మూడడుగులు. వంటగది గుమ్మానికీ ముందుగదికీ మధ్య మూడే అడుగులు.

వెళ్ళి, నేను వెళ్తానక్కా అంటే చాలు.

టీ పొంగింది. మంట తగ్గించింది. మూడు కప్పుల్లో పోసింది. తీసుకొచ్చి ఇచ్చింది.

మేట్రన్ ఆమె మొహంలోకి చూసి, "ఏమ్మా?" అంది.

ఆమె నవ్వింది.

"టీ బాగుంది," అంది మేట్రన్.

పద్నాలుగేళ్ళయింది.

*

ఈ ఏడు ముసురు ముందే పట్టింది.

వాన అనడానికి లేదు. వాన కాదనడానికీ లేదు. పొద్దున మొదలై సాయంత్రం దాకా సన్నగా, విసుగు లేకుండా, తనలో తనే ఏదో చెప్పుకుంటున్నట్టు.

ఆ ముసురులోనే అక్కకి ఆయాసం మొదలైంది.

ముందు మెట్లెక్కుతుంటే. తర్వాత జడ వేసుకుంటుంటే. ఒకరోజు బస్సులో "జరగండి" అనబోతే దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగలేదు. డ్రైవరు బస్సు పక్కకి ఆపాడు. ఎవరూ చెప్పకుండానే జనం జరిగి అక్కకి చోటిచ్చారు.

ఇరవయ్యారేళ్ళు రోడ్డు మీది పొగ పీల్చిన ఊపిరితిత్తులు. చాలా ఆలస్యమైందన్నారు డాక్టర్లు. ఆడవాళ్ళ వార్డులో, కిటికీ నుంచి రెండో మంచం ఇచ్చారు.

మూడో అంతస్తులో అక్క.

అడుగున చెల్లెలు.

ఆస్పత్రిలో ఒక్కో వార్డు దుప్పటికి మూలన ఒక్కో రంగు దారంతో గుర్తు కుడతారు. ఆడవాళ్ళ వార్డుకి ఆకుపచ్చ. ఇన్నాళ్ళూ ఆమెకి అది ఒక రంగు, అంతే. ఇప్పుడు ఆకుపచ్చ దారం చేతికి తగిలితే చెయ్యి ఒక్కక్షణం ఆగుతోంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ దుప్పటి ఒకటి వెతికి పక్కన పెట్టి, నాలుగు గంటలకి పైకి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్తోంది.

అక్క కింద అది పరుస్తుంది. ముడతలు లేకుండా నాలుగు మూలలూ లాగుతుంది.

తన పనితనం అక్కకి తగలడం ఇదే మొదటిసారి.

*

అన్నయ్య వచ్చాడు. ఎనిమిది గంటల బస్సు ప్రయాణం చేసి, తడిసిన గొడుగు మంచం కింద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంక ఎన్నాళ్ళో లేనురా," అంది అక్క. నాలుగు మాటలకోసారి ఊపిరి అందుకుంటోంది. "దీన్ని ఒక్కదాన్నీ వదిలేసి పోలేను."

"మా ఇంటికి వచ్చేస్తుందిలే అక్కా. మీ మరదలికి మోకాలి ఆపరేషన్ అయిందగ్గర్నుంచీ ఇంట్లో ఇంకో మనిషుంటే బాగుండుననే అనుకుంటున్నాం. దానికీ తోడు, మాకూ తోడు."

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసెయ్యండి. ఇంటావిడకి నువ్వు చెప్పు."

"చెప్తాను. మరి దీని ఉద్యోగం?"

"మానేస్తుంది. కాయితం నువ్వే రాసి సంతకం పెట్టించు."

అన్నయ్య కాసేపు ఆగాడు. చెడ్డవాడు కాదు. అందుకే ఆగాడు.

"దానికి ఇష్టమేనా?" అని అడిగాడు... అక్కని.

"దానికేం? అదేమంటుంది?"

ఆమె అక్కడే ఉంది. మంచానికి అవతల, ఒక్క అడుగు దూరంలో, మడతపెట్టిన దుప్పటి గుండెలకి హత్తుకుని.

అక్క తల తిప్పి చూసింది. ఎప్పుడూ చదివే మొహమే. కానీ ఆ రోజు అక్క బలమంతా ఊపిరికే సరిపోతోంది.

"ఏమే?" అంది.

"ఊఁ," అంది చిన్నది.

అక్క కళ్ళు మూసుకుంది. గుండెల మీది బరువేదో ఎవరో ఎత్తినట్టు, మొహం తేలికపడింది.

ఆ తేలిక చూసి ఆమె దుప్పటిని ఇంకా గట్టిగా హత్తుకుంది.

*

ఏముంది ఆ ఇంట్లో?

మెట్లెక్కితే రెండు గదులు. కింద బస్సులు తిరిగే రోడ్డు. వంటగది మూలన కప్పు కారుతుంది, కింద బకెట్టు పెట్టాలి. కిటికీ రెక్క ఒకటి పూర్తిగా మూసుకోదు. పందొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్న ఇల్లు.

గొప్పదేం కాదు.

కానీ పొద్దున్నే ఆ కిటికీ దగ్గర నిలబడి టీ తాగే పది నిమిషాలు ఆమెవి. లాండ్రీకి నడిచే దారి ఆమెది. సంతకం పెట్టి పనిలోకి దిగే చెయ్యి ఆమెది.

నాది అని ఎప్పుడూ పైకి అనలేదు.

అనకపోతే కాకుండా పోతుందని ఆమెకి తెలియదు.

అన్నయ్య వచ్చి వెళ్ళిన మర్నాడు రోలరు ముందు నిలబడి, దుప్పటి అంచులు పట్టుకుని, ఆమె పెదవులు కదిపింది.

నేను వెళ్ళను.

శబ్దం లేదు. పెదవులే. రెండో రోజు కాస్త గొంతు కలిసింది. మూడో రోజు గట్టిగానే అంది. గొంతు నరాలు లేచేంత గట్టిగా. నేను వెళ్ళను. నేను వెళ్ళను. మోతలో కలిసిపోయింది. ఎవరూ తల తిప్పలేదు.

ఒక్క మనిషి తప్ప.

రోలరుకి అవతల దుప్పట్లు మడతపెట్టే ఆవిడని అందరూ రేడియో అంటారు. పొద్దున పనిలోకి వచ్చింది మొదలు ఇంటికి వెళ్ళేదాకా ఆ నోరు మూతపడదు. రోలరు పక్కన ముప్ఫై ఏళ్ళు ఉండి ఉండి సగం చెవుడు వచ్చింది. తను మాట్లాడేది తనకే సరిగ్గా వినపడదు, అందుకే ఆపదు అంటారు.

టీ వేళ, కప్పు ఊదుకుంటూ రేడియో అడిగింది.

"ఎక్కడికి వెళ్ళవు?"

ఆమె ఉలిక్కిపడింది.

"మూడ్రోజుల్నుంచీ చూస్తున్నా. నాకు చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదమ్మా. వెళ్ళను వెళ్ళను అని దుప్పటికి చెప్తున్నావు. ఇంతకీ దుప్పటి ఏమంది?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉంటే ఏడుపొచ్చింది.

చెప్పింది. ముక్కలు ముక్కలుగా, ముందుది వెనక, వెనకది ముందు. రేడియో ఆమె పెదవులవైపు చూస్తూ కూర్చుంది. ముప్ఫై ఏళ్ళలో రేడియో అంతసేపు నోరు మూసుకోవడం ఎవరూ చూసి ఉండరు.

చివర్లో అంది. "ఇవన్నీ నాక్కాదమ్మా చెప్పాల్సింది."

మళ్ళీ తనే, గొంతు తగ్గించి, "చెప్పకపోయినా నష్టం లేదులే. ఇప్పటికి సరే అనెయ్. ఆవిడ వెళ్ళిపోయాక నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. అందరూ చేసేది అదే," అంది.

ఆ మాట ఆమెని రెండు రోజులు వెంటాడింది.

నిజమే. తల ఊపితే చాలు. తల ఊపడం ఆమెకి పుట్టుకతో వచ్చిన విద్య. అక్క నిశ్చింతగా పోతుంది. తర్వాత అడిగేవాళ్ళెవరు?

కానీ... అప్పుడు అక్కకి చెప్పినట్టు కాదు. అక్క లేని ఇంట్లో గోడలకి చెప్పినట్టు. తనని పెంచిన మనిషి, తన గొంతు ఒక్కసారి కూడా వినకుండా వెళ్ళిపోతుంది.

అది తట్టుకోలేననిపించింది.

*

నాలుగు గంటలు. కిటికీ అద్దం మీద ముసురు. మంచం పక్కన ఆక్సిజన్ సీసాలో నీటిబుడగలు.

"అక్కా."

"ఊఁ."

"నేను అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళను."

అక్క కళ్ళు తెరిచింది. "ఏమన్నావే?"

నిజంగానే వినపడలేదు. రోలరు దగ్గర అరుపులా వచ్చిన మాట ఈ నిశ్శబ్దంలో గుసగుస అయిపోయింది.

ఒక్కసారి చెప్పడానికి సరిపడా ధైర్యమే తెచ్చుకుంది ఆమె. రెండోసారికి తెచ్చుకోలేదు.

ఏం లేదక్కా, అనొచ్చు. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా వాడి వాడి నున్నగా అరిగిపోయిన మాట.

"నేను వెళ్ళను. ఉద్యోగం మానను. మన ఇంట్లోనే ఉంటాను."

అక్క నవ్వింది. వేళాకోళం అనుకుంది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక అంది, "ఒక్కదానివా? ఇంటావిడ వచ్చి తలుపు తడితే మంచం కింద దాక్కుంటావే నువ్వు."

"నేర్చుకుంటాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అక్క చూస్తోంది. ఇంకా నవ్వుతూనే. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపుదామనే అనుకుంది. కానీ ఒక మాట బయటికి వచ్చిన దారిలోనే, ఇన్నేళ్ళుగా దాని వెనక నిలబడ్డ మాట కూడా తోసుకొచ్చింది.

"కుట్టుగదికి కూడా వెళ్దామనుకున్నాను. మేట్రన్ ఇంటికొచ్చినప్పుడు. నువ్వు వద్దన్నావు."

అక్క మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. షెడ్డుకి వచ్చేసిన బస్సుకి తీయడం మర్చిపోయిన బోర్డులా.

చాలాసేపటికి అడిగింది.

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

బుడగలు. బుడగలు. బుడగలు.

అక్క తల కిటికీవైపు తిప్పుకుంది.

"దుప్పటి కప్పు," అంది. "చలేస్తోంది."

ఆమె కప్పింది. ఆకుపచ్చ దారం ఉన్న మూల అక్క గడ్డం దగ్గరికి వచ్చింది. అక్క ఇటు తిరగలేదు.

*

గెలిచినట్టు లేదు.

పన్ను పీకించుకున్నట్టుంది. నొప్పి పోతుందని పీకించుకున్నాక, నాలుక మాటిమాటికీ ఆ ఖాళీలోకే వెళ్తున్నట్టుంది.

తొమ్మిది రోజులు. అక్క నర్సుతో మాట్లాడింది. పక్క మంచం ఆవిడతో మాట్లాడింది. ఆమెతో మాత్రం ముక్కలు.

"నీళ్ళు."

"దిండు ఎత్తు."

"టైమెంత?"

కోపం కాదు. కోపమైతే అక్క అరుస్తుంది, ఊపిరి లేకపోయినా అరుస్తుంది. ఇది వేరే ఏదో. కిటికీవైపు చూస్తూ, ఇన్నేళ్ళుగా చదివిన మొహాలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటోందేమో. ఇంకెక్కడెక్కడ తప్పు చదివానా అని వెతుక్కుంటోందేమో.

ఏమో.

ఆమెకి అక్క మొహం చదవడం రాదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

అన్నయ్య ఫోన్ చేశాడు. అక్క చెప్పినట్టుంది.

"చావుబతుకుల్లో ఉన్న మనిషితోనా నీ పంతం? నాలుగు రోజులు ఓపిక పట్టలేకపోయావా?"

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. మాట లేక కాదు. ఆ ప్రశ్న అప్పటికే తనని తను అడుగుతోంది... ఒక్కో మెట్టు ఎక్కుతూ, ఒక్కో మెట్టు దిగుతూ.

పనిలో రేడియో ఏమీ అడగలేదు. మడతలు పెడుతూ ఏవేవో కబుర్లు చెప్తూనే ఉంది. మధ్యమధ్యలో మాత్రం అవతలి నుంచి ఆమె పెదవులవైపు చూసేది.

అవి కదలడం లేదు.

*

పదో రోజు మధ్యాహ్నం అన్నయ్య వచ్చి ఉన్నాడు. డాక్టరమ్మ ఇద్దరినీ మంచం కాళ్ళవైపుకి పిలిచింది.

"సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతున్నారు. గొంతులో గొట్టం వేసి మెషీన్ మీద పెట్టొచ్చు. పెడితే కొన్నాళ్ళు నడుస్తుంది. కానీ మాట ఉండదు, మెషీన్ నుంచి బయటికి రావడమూ ఉండదు. వద్దంటే, ఉన్నన్నాళ్ళూ బాధ తెలియకుండా మందులిస్తాం. ఏదో ఒకటి ఇవాళే చెప్పాలి."

"మెషీన్ పెట్టెయ్యండి," అన్నాడు అన్నయ్య. అని, మొహం పక్కకి తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"అక్కని అడుగుదాం."

ఎవరన్నారా అని అన్నయ్య వెనక్కి చూశాడు.

"ఈ స్థితిలో ఆవిడేం చెప్తుంది?"

"అడుగుదాం."

ఆమె వంగింది. అక్క చెవి దగ్గర జుట్టు తడిగా ఉంది. ఇన్నేళ్ళ సబ్బు వాసన పోయి మందుల వాసన వస్తోంది.

"అక్కా. నీకేం కావాలి?"

అడిగాక తెలిసింది, తమ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఈ మాట అడగలేదని. అక్క తనని అడగలేదు. తను అక్కని అడగలేదు.

అక్క రెప్పలు సగం తెరుచుకున్నాయి. పెదవులు తడుముకున్నాయి. ఊపిరి ఒకటి లోపలికి వెళ్ళి, ఒకే ఒక్క మాట మోసుకుని బయటికొచ్చింది.

"ఇల్లు..."

అంతే. తర్వాత ఇంకేం లేదు. రెప్పలు వాలిపోయాయి.

"చూశావా?" అన్నాడు అన్నయ్య. "ఇప్పటికీ నీ బెంగే. ఇల్లు ఖాళీ చెయ్యమంటోంది."

"కాదు. ఇంటికి తీసుకెళ్ళమంటోంది."

"నీకెలా తెలుసు?"

తెలియదు.

ఆమె మళ్ళీ వంగింది. అక్కా, ఇంటికి వెళ్దామా? అక్కా... మళ్ళీ అడిగింది. అక్క మందుల నిద్రలో ఎక్కడికో దిగిపోయింది.

డాక్టరమ్మ ఇద్దరివైపూ చూసింది. "ఆవిడతో ఉండేది ఎవరు?"

"నేను," అంది చిన్నది. "ఇన్నాళ్ళూ నేనే. మెషీన్ వద్దండీ. ఇంటికి తీసుకెళ్తాను. ఏమేం చెయ్యాలో చెప్పండి, చేస్తాను."

పక్క మంచం ఆవిడ తల తిప్పి చూసింది. చివరి మంచం దాకా వినపడింది ఆ గొంతు. ఆ గొంతు ఎవరిదో చిన్నదానికి తెలుసు. ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా వినపడే గొంతు.

అప్పుడు భయమేసింది.

అక్క తరఫున చెప్పేసింది. మొహం చూసి కనిపెట్టేసింది. సరిగ్గానో, తప్పుగానో.

ఇన్నాళ్ళూ అక్క చేసింది ఇదే కదా. ఇంత భయంతోనే చేసిందా?

*

ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి అక్కని ఇంటి మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చారు. వెనకే ఆక్సిజన్ సిలిండరు. ఆమె కిటికీ పక్కన మంచం వేసింది. మెత్తటి దుప్పటి పరిచింది.

అక్క కళ్ళు తెరిచి గదంతా చూసింది. గోడ మీద కండక్టరు యూనిఫాం. గూట్లో రెండు కప్పులు. మూలన బకెట్టులో చుక్క చుక్కగా పడుతున్న నీళ్ళు.

ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఇల్లు చూసుకున్నట్టు చూసిందో, ఊరికి వెళ్ళేవాళ్ళు సామాను సరిచూసుకున్నట్టు చూసిందో.

రేడియో ఒక సాయంత్రం వచ్చి రెండు గంటలు మాట్లాడి వెళ్ళింది. అక్క వింటున్నట్టే ఉంది. ఒకచోట పెదవి కొస కదిలింది. నవ్వో, ఆయాసమో.

మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. తడిగుడ్డతో అక్క చేతులు తుడుస్తూ ఆమె అడిగింది.

"నేను సరిగ్గానే విన్నానా అక్కా?"

అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. కిటికీవైపు ఉన్నాయి.

వినపడలేదేమోనని రెండోసారి అడిగింది. గట్టిగా.

ఛాతీ లేచింది. పడింది. లేచింది.

ఆమె తుడవడం ఆపలేదు. ఒక్కో వేలూ తుడిచింది. ఇరవయ్యారేళ్ళు టిక్కెట్లు చింపిన బొటనవేలి దగ్గర కాయ కాసి ఉంది. అక్కడ మెల్లగా తుడిచింది.

ఐదో రోజు, ఇంకా వెలుతురుండగానే, ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య దూరం పెరిగింది. ఆమె ఎదురుచూస్తూ కూర్చుంది. చాలాసేపు ఎదురుచూశాక తెలిసింది, ఇంక రాదని.

*

అన్నయ్య అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర గొడుగు విప్పి, వెనక్కి తిరిగాడు.

"వస్తావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ ఇష్టం," అన్నాడు.

ఎవరైనా ఆ మాట అంటే ఎలా ఉంటుందోనని ఎన్నిసార్లు అనుకుందో. ఇలా ఉంటుందని అనుకోలేదు. మెట్ల మీద దిగిపోతున్న అడుగుల చప్పుడులా.

వారం తర్వాత ఇంటావిడ వచ్చి తలుపు తట్టింది.

ఆమె తలుపు తీసింది.

"ఏమ్మా, ఖాళీ చేస్తున్నారటగా? మీ అన్నయ్య అప్పుడే చెప్పాడు. వేరేవాళ్ళు అడుగుతున్నారు."

అని, అలవాటు కొద్దీ ఇంటావిడ ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది.

ఆమె కూడా అలవాటు కొద్దీ వెనక్కి తిరిగింది.

కిటికీ. మంచం. మంచం మీద మడతపెట్టిన దుప్పటి. మూసుకోని కిటికీ రెక్క సందులోంచి సన్నటి జల్లు లోపలికి కొడుతోంది.

ఇటు తిరిగింది.

"లేదండీ," అంది. "నేను ఉంటాను."

"సరేనమ్మా," అంది ఇంటావిడ. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అంతే. అంత తేలిక.

ఆమె మాత్రం తలుపు వెయ్యకుండా, గడప మీదే నిలబడిపోయింది... చాలాసేపు.

వెనక నుంచి ఎవరైనా కాదంటారేమోనని.